రాత్రి ఎనిమిది గంటలకు

2006 ఆగస్టులో గుంటూరు పెద్దాసుపత్రిలో, హెచ్‌ఐవీ ఉందని తేలిన రక్తపరీక్ష కాగితం చేతికిచ్చి, ఈ సంగతి చెప్పుకోవడానికి మీకు ఎవరున్నారని కౌన్సెలర్ అడిగింది. నా భర్త పోయి అప్పటికి మూడు నెలలైంది; పిల్లలు లేరు. మా పాస్టర్ గారికి చెబుతానన్నాను.

అయితే ఆయన ఏమంటారో నాకు కొంత తెలుసు. 2001లో మా పేటలో ఒక యువకుడు ఇదే జబ్బుతో చనిపోయినప్పుడు, సమాధుల తోటలో ఆయన "పాపమువలన వచ్చు జీతము మరణము" అన్న వాక్యం తీసుకుని అరగంట ప్రసంగించారు. ఆ తల్లి మట్టిలో కూలబడి ఏడుస్తుంటే, స్త్రీల సమాజం కార్యదర్శిగా ముందు వరుసలో నిలబడి ఆమేన్ అన్నవారిలో నేనూ ఉన్నాను. ఆ తర్వాత ఆమెను పలకరించడానికైనా వెళ్లలేదు.

ఆయన చెడ్డవారు కారు. నా కోసం కన్నీళ్లతో ప్రార్థన చేశారు. కళ్లు తుడుచుకున్నాక మాత్రం, "ఎవరి వల్ల వచ్చిందమ్మా?" అని అడిగారు. తరువాతి ఆదివారం ప్రార్థన మనవుల్లో "ఎయిడ్స్ సోకిన మన సహోదరి" అన్నారు. కొత్తగా భర్తను పోగొట్టుకున్నది నేనొక్కదాన్నే గనుక పేరు చెప్పనక్కరలేకపోయింది. ఒకరికి హెచ్‌ఐవీ ఉన్న సంగతి వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదన్న చట్టం 2017లో చేశారు, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలు చేశారు. ఆ రోజుల్లో అది తప్పని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. మా సంఘంలో ప్రభు భోజన సంస్కారానికి, ద్రాక్షరసం తాగడానికి అందరికీ ఒకటే గిన్నె. ఇకమీదట చివరన రమ్మని ఒక పెద్ద మెల్లగా చెప్పారు. గిన్నె వల్ల, ఎంగిలి వల్ల ఈ వైరస్ అంటదని ఆసుపత్రిలో విని ఉన్నా, ఒక్క మాట అనకుండా వెళ్లి చివరన నిలబడ్డాను.

ఒంట్లో జబ్బులను ఎదుర్కొనే సీడీ4 కణాలు 142 ఉన్నాయి. 200 కంటే తక్కువ ఉంటేనే మందులు మొదలుపెట్టే కాలమది. స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్ కలిపిన మాత్ర ఉదయం ఎనిమిదికి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి. ఏడాదిలో ఒంట్లోకి బలం వచ్చింది గానీ, స్టావుడిన్ వల్ల అరికాళ్లు మండేవి, బుగ్గలు లోపలికి పోయాయి. ఆ బుగ్గలు చూసి జబ్బు పేరు చెప్పేవారు ఊళ్లో.

2007 చివర్లో స్వస్థత కూడికలకు వచ్చిన ఒక బోధకుడు నా నుదుట నూనె రాసి, యేసు పొందిన దెబ్బలచేత స్వస్థత కలిగిందని నమ్మేవారికి మాత్రలతో పనేమిటని అడిగాడు. తప్పంతా అతని మీదే వేయలేను. మానేయాలని నాకూ ఉంది, కావలసింది ఒక సాకు. డబ్బా కాలవలో పారేశాను. రెండు నెలలకు అరికాళ్ల మంట తగ్గింది, అదే స్వస్థత అనుకుని గుడిలో సాక్ష్యం చెప్పాను. ఐదో నెలలో దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు వచ్చాయి. బరువు 36 కిలోలకు, సీడీ4 61కి పడిపోయాయి. క్షయ అన్నారు. క్షయకు వాడే రిఫాంపిసిన్‌తో నెవిరపిన్ కుదరదని దాని స్థానంలో ఎఫావిరెంజ్ ఇచ్చారు. మధ్యలో మానేసినందువల్ల మందులకు లొంగని వైరస్ తయారై ఉంటే కష్టమని డాక్టరు ముందే హెచ్చరించారు. లొంగింది. దగ్గు పోవడానికి రెండు నెలలు పట్టింది, చీర కుచ్చిళ్లు మళ్లీ నిలవడానికి ఏడాది పట్టింది. ఆ సాక్ష్యాన్ని మాత్రం నేను నలుగురిలో వెనక్కి తీసుకోలేదు. అది విని ఇంకెవరైనా మాత్రలు మానేశారేమో నాకు తెలియదు.

2014లో వచ్చిన కొత్త పాస్టర్ గారు నాకంటే పదిహేనేళ్లు చిన్న. మా ఇంటికి వచ్చి కూర్చుని, "మాత్ర ఏ వేళకు వేసుకుంటారమ్మా?" అని అడిగారు. అప్పటికి రోజుకు ఒకటే మాత్ర, రాత్రి ఎనిమిదికి. శుక్రవారం ప్రార్థన ఏడు నుంచి పది దాకా కదా, ఎలా మరి అన్నారు. గుడి వెనక కుళాయి దగ్గర చీకట్లో మింగుతున్నానని చెప్పాను. ఉగాండాలో గిడియన్ బ్యాముగిషా అనే ఆంగ్లికన్ గురువు తనకు హెచ్‌ఐవీ ఉందని 1992లోనే బయటికి చెప్పి, గురువుగానే కొనసాగారని నాకు మొదట చెప్పింది ఈయనే. అటువంటి గురువు ఉండగలడని అంతవరకు నా ఊహకు రాలేదు.

ఆ వచ్చే శుక్రవారం సరిగ్గా ఎనిమిదికి ఆయన పాట ఆపి, షుగరు గానీ బీపీ గానీ ఏ మాత్ర వేసుకునేవారైనా వేసుకోవచ్చని, వెనక బల్ల మీద నీళ్లున్నాయని చెప్పారు. పదకొండు మంది లేచారు. నా మాత్ర ఏమిటని ఎవరూ చూడలేదు.

ఇప్పుడు డొలుటెగ్రావిర్ కలిసిన మాత్ర వాడుతున్నాను. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడటం లేదు. కరోనా తర్వాత సంస్కారానికి అందరికీ చిన్న కప్పులే ఇస్తున్నారు, చివరన నిలబడవలసిన పని ఎవరికీ లేదు.

శుక్రవారం ఎనిమిదికి ఆ యువకుడి తల్లి కూడా షుగరు మాత్రకు లేస్తుంది. చూపు మందగించింది గనుక గ్లాసు నేనే అందిస్తాను. నాటి ఆమేన్ గురించి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఇంకా అడగలేకపోయాను.