ఏడో నంబర్ రైల్లో క్వీన్స్

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తమ్ముడి ఇంట్లో కూర్చుంటే అమెరికా వచ్చినట్టే అనిపించదు. పొద్దున వాకింగ్‌లో ఎదురయ్యేది గుంటూరువాళ్లో కరీంనగర్‌వాళ్లో, కొట్లో గోంగూర కూడా దొరుకుతుంది. అందుకే ఒక శనివారం వాణ్ణి బలవంతంగా లాక్కెళ్లి, న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఫ్లషింగ్ వెళ్లే ఏడో నంబర్ రైలెక్కించాను.

నది కింద నుంచి వెళ్లి, న్యూయార్క్ నగరంలోనే ఒక భాగమైన క్వీన్స్‌లో పైకి తేలాక, రోడ్డుకి పైన కట్టిన వంతెన మీద ఇళ్ల కిటికీల పక్క నుంచే పోతుంది. క్వీన్స్ జనాభాలో దాదాపు సగం వేరే దేశాల్లో పుట్టినవాళ్లే. మా పెట్టెలో ఒకమ్మాయి స్పానిష్‌లో వీడియో కాల్, ఒక చైనా పెద్దావిడ కాళ్ల దగ్గర ఆకుకూరల సంచీ, ఎదురుగా కునుకుతీస్తున్న సర్దార్జీ. ఎవరి గొడవ వాళ్లది, మనలా "ఏ ఊరండీ" అని ఎవరూ అడగరు.

జాక్సన్ హైట్స్‌లో దిగాం. 74వ వీధిలో చీరల షాపులు, నగల కొట్లు, వాటి పక్కన బంగ్లాదేశీ హోటళ్లు. టిబెట్‌వాళ్ల దగ్గర మోమోలు తిని రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద కొంచెం నడిస్తే కొలంబియా, ఈక్వడార్, మెక్సికో. కలిసిపోయారని నేననను, పక్కపక్కన ఉన్నారు అంతే, అదేం చిన్న విషయం కాదు. ఎందుకంటే 1910ల్లో ఈ పేట మొదలైనప్పుడు యూదులకీ నల్లజాతివాళ్లకీ ఇక్కడ ఇళ్లు ఇచ్చేవాళ్లు కాదు. మనవాళ్ల సంగతి సరేసరి: అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్‌ని కూడా తెల్లవాడు కాదు కాబట్టి పౌరసత్వానికి పనికిరాడని 1923లో సుప్రీంకోర్టే చెప్పింది. 1946లో తలుపు కాస్త తీసినా భారతీయులకి ఏడాదికి కోటా 100 మంది! 1965లో వలస చట్టం మారాకే ఈ వీధులకి ఈ రూపం వచ్చింది. గ్రీన్ కార్డు క్యూ గురించి రోజూ టెన్షన్ పడే తమ్ముడు, "ఇప్పుడు మాత్రం ఏముందక్కా, గ్రీన్ కార్డుల కోటాలో ఏ దేశానికైనా 7 శాతమే కదా" అన్నాడు. అదీ నిజమే.

చివరి స్టేషన్ ఫ్లషింగ్. బోర్డులన్నీ చైనీస్‌లో, కాస్త అవతల కొరియన్‌లో. బౌన్ స్ట్రీట్‌లో జాన్ బౌన్ అనే ఆయన ఇల్లు ఇంకా ఉంది. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లని ఇంట్లో ప్రార్థన చేసుకోనిచ్చాడని 1662లో, అప్పుడిక్కడ పాలిస్తున్న డచ్ గవర్నర్ పట్టుకుని దేశం దాటిస్తే, ఆయన హాలండ్‌లో వాదించి గెలిచి తిరిగొచ్చాడు. అదే వీధిలో ఇంకా ముందుకెళ్తే 1977 నాటి మన గణపతి గుడి! దర్శనం పది నిమిషాల్లో అయింది, కింద క్యాంటీన్‌లో మాత్రం చాలాసేపు కూర్చున్నాం. పక్క టేబుల్ దగ్గర తూర్పు ఆసియా కుటుంబం ఒకటి పేపర్ దోశని ఎక్కడ విరవాలో తేల్చుకోలేక నవ్వుకుంటున్నారు. దోశ బాగుంది, సాంబారు నాకు కొంచెం తీపనిపించింది.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట: శని, ఆదివారాల్లో ట్రాక్ పనులుంటే ఈ రైలు ఒక్కోసారి మాన్‌హట్టన్ దాకా రాదు. ముందే చూసుకుని బయల్దేరండి.