యోకొహామా దాకా వెళ్ళిన ఒక వాక్యం: నా అనుభవం

2025 ఏప్రిల్ 26 నుంచి మే 1 వరకు జపానులోని యోకొహామా నగరంలో జరిగిన ‘కై’ సదస్సులో మా పరిశోధన పత్రాన్ని చదివాను. సీ హెచ్ ఐ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలను కలిపి అందరూ ‘కై’ అనే పలుకుతారు. మనిషికీ కంప్యూటరుకూ నడుమ సాగే వ్యవహారాన్ని పరిశోధించేవాళ్ళకు ఇది అన్నిటికంటే పెద్ద కూడలి. 1982లో అమెరికాలోని గేథర్స్‌బర్గ్‌లో జరిగిన ఒక సమావేశం దీనికి మూలం, మరుసటి ఏడు బోస్టన్ నుంచి ఈ పేరుతో నడుస్తోంది. ఇప్పటివరకు మన దేశంలో జరగలేదు. ఇదే రంగానికి చెందిన ‘ఇంటరాక్ట్’ సదస్సు 2017లో ముంబయికి వచ్చింది గాని, నేనప్పటికి పరిశోధనలోకి రాలేదు.

మా పత్రం ఉత్తర తెలంగాణలోని ఒక ఊళ్ళో బీడీలు చుట్టే ఆడవాళ్ళ గురించినది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. చాట ఒళ్ళో పెట్టుకొని, తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి, వేళ్ళ కొసలతో చుట్టి మడవడమే రోజంతా పని. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి. రేషను దుకాణంలో వేలిముద్ర పడితేనే బియ్యం ఇస్తారు కాబట్టి, అరిగిన వేలు అక్కడ పెద్ద చిక్కు అవుతుంది. బొటనవేలు పడకపోతే చూపుడువేలు, అదీ పడకపోతే రెండో చెయ్యి, ఆ తరువాత కన్ను, చివరికి ఫోనుకు వచ్చే ఓటీపీ. ఆ ఫోను నంబరు చాలా ఇళ్ళలో గల్ఫులో ఉన్న కొడుకుదో, పట్నంలో ఉన్న అల్లుడిదో అయి ఉంటుంది.

ఒక మధ్యాహ్నం ఒక అవ్వ ఇంటి అరుగు మీద కూర్చొని మాట్లాడుతున్నాను. దుకాణంలో ఏం జరుగుతుందో చెప్పమంటే ఆమె కత్తెర పక్కన పెట్టి, కుడిచేతి బొటనవేలిని కొంగుతో రెండుసార్లు గట్టిగా తుడిచి, నా మొహం ముందుకు చాచింది. వేలి కొస నున్నగా, కొంచెం పసుపుగా, నదిలో దొరికే గులకరాయిలా మెరుస్తూ ఉంది. “మిషను నన్ను ఒప్పుకుంటలేదు బిడ్డా” అంది. ఆ వాక్యం రికార్డయింది. రికార్డింగు విని మాటలను ఉన్నదున్నట్టు దించే ట్రాన్‌స్క్రిప్టులో తెలుగులో రాసుకున్నాను. పత్రంలోకి వచ్చేసరికి మాత్రం దాన్ని “ఆ పరికరం నా గుర్తింపును ధ్రువీకరించలేకపోయింది” అనే అర్థం వచ్చే చక్కటి ఇంగ్లీషు వాక్యంగా మార్చేశాను. ఆ సమయంలో అది నాకు తప్పుగా తోచలేదు, పైపెచ్చు పత్రానికి తగిన భాష అదే అనుకున్నాను.

సమర్పించడానికి ముందు ఏ ఉపసంఘం కిందికి పంపాలన్న తర్జనభర్జన చాలా రోజులు సాగింది. ‘కై’కి వచ్చే పత్రాలను విషయాన్ని బట్టి రకరకాల ఉపసంఘాలు పరిశీలిస్తాయి, ఏది కావాలో రచయితలే ఎంచుకోవాలి. మనుషులను గుణాత్మక పద్ధతిలో, అంటే అంకెలతో కాక వాళ్ళ మాటలతో, అర్థం చేసుకునే ఉపసంఘం ఒకటి, విమర్శనాత్మక దృష్టినీ సామాజిక న్యాయాన్నీ పట్టించుకునేది మరొకటి మా ముందు ఉన్నాయి. నా పరిశోధనకు గైడైన మా మేడమ్ మొదటిదే మంచిదన్నారు. రెండోదానికి పంపితే సిద్ధాంతం బలంగా ఉండాలని అడుగుతారనీ, మన దగ్గర బలంగా ఉన్నవి ఆడవాళ్ళ మాటలేననీ ఆవిడ వాదన. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఒక్క నిర్ణయమే మమ్మల్ని కాపాడిందని గట్టిగా నమ్ముతున్నాను. కొత్తగా పత్రం రాసేవాళ్ళు శీర్షిక కోసం పెట్టే సమయంలో సగమైనా ఈ ఎంపిక కోసం పెట్టాలని చెబుతాను.

2024 సెప్టెంబరులో ముందు సారాంశం, వారం తరువాత పూర్తి పత్రం పంపాలి. గడువును ‘భూమ్మీద ఎక్కడైనా’ అన్న లెక్కన పెడతారు. అంటే ప్రపంచంలో అందరికంటే వెనకబడి ఉండే గడియారంలో ఆ రోజు అర్ధరాత్రి అయ్యేదాకా సమయం ఉన్నట్టే. మన లెక్కలో అది మరునాటి సాయంత్రం 5.29. ఆ పగలంతా అదనంగా దొరికిందని సంతోషించాం గాని, అందులో ఎక్కువ భాగం పేర్లు దాచడానికే సరిపోయింది. రచయితలెవరో సమీక్షకులకు తెలియకూడదు. మా పేర్లు, సంస్థ పేరు, కృతజ్ఞతలు తీసేయడం సులువే. మా పాత పత్రాన్ని ప్రస్తావించిన చోటల్లా అది వేరెవరిదో అన్నట్టు తిరగరాయవలసి వచ్చింది. ఫైలు లోపల దాగి ఉండే రచయిత పేరును కూడా తొలగించాలని ఒక సీనియర్ గుర్తు చేయకపోతే మాకు తట్టేది కాదు.

కొన్ని వారాల తరువాత సమీక్షలు వచ్చాయి. ఇద్దరు బయటి సమీక్షకులు, వారి పైన ‘వన్ ఏసీ’, ‘టూ ఏసీ’ అని పిలిచే ఇద్దరు సహ అధ్యక్షులు మా పత్రాన్ని చదివారు. తీర్పు ‘ఆర్ ఆర్’, అంటే సవరించి మళ్ళీ పంపమని. కొన్నేళ్ళుగా ‘కై’లో ఉన్న పద్ధతి ఇది. మొదటి విడతలోనే నిలవని పత్రాలను తిప్పి పంపి, మిగిలినవాటికి సుమారు నెల రోజులు సమయం ఇస్తారు. ఆ మెయిల్ చూసి తోటి విద్యార్థులు అభినందించారు. సమీక్షలు పూర్తిగా చదివాక నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

ముగ్గురు అడిగినవి మామూలు సంగతులే. పాల్గొన్నవాళ్ళను ఎలా ఎంచుకున్నారు, సమ్మతి ఎలా తీసుకున్నారు, ముందు వచ్చిన ఫలానా పరిశోధనను ఎందుకు ప్రస్తావించలేదు. నాలుగో వ్యక్తి అడిగింది నన్ను కుదిపేసింది. ఈ పత్రంలో ఆడవాళ్ళందరూ ఒకే రకమైన ఇంగ్లీషు మాట్లాడుతున్నారనీ, ‘ధ్రువీకరణ’ అనే మాట నిజంగా వాళ్ళ నోటినుంచే వచ్చిందా అనీ, వాళ్ళు ఏ మాట వాడారో అసలు భాషలో చూపగలరా అనీ అడిగారు. ఆ సమీక్షకుడో సమీక్షకురాలో ఎవరో నాకు తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. కానీ నా ట్రాన్‌స్క్రిప్టులు ఒక్కటి కూడా చూడకుండానే, అందులో ఉండి పత్రంలో లేనిదేదో ఆ వ్యక్తికి కనబడింది.

మర్నాడు ట్రాన్‌స్క్రిప్టులన్నీ ముందు వేసుకొని కూర్చున్నాను. ఎక్కడా ఒక్కరు కూడా యంత్రం చెడిపోయిందని అనలేదు. “పడతలేదు”, “గుర్తు పడతలేదు”, “తీసుకుంటలేదు”, “ఒప్పుకుంటలేదు” అన్నారు. పడతలేదు అన్నప్పుడు లోపం ముద్రది. గుర్తు పడతలేదు అన్నప్పుడు ఎదురుగా ఉన్నది పరిచయం మరిచిన మనిషి లాంటిది. ఒప్పుకుంటలేదు అన్నప్పుడు మాత్రం ఎవరో తీర్పు చెప్పే స్థానంలో కూర్చొని ఉన్నారు, ఆమె నిలబడి ఉంది. పిల్లను చూసుకోవడానికి వచ్చినవాళ్ళు ఒప్పుకుంటారు, ఒప్పుకోరు. పంచాయితీలో పెద్దమనుషులు ఒప్పుకుంటారు, ఒప్పుకోరు. పైగా అవ్వ ‘నా వేలిని’ అనలేదు, ‘నన్ను’ అంది. ఈ తేడాలన్నిటినీ ఒక్క ఇంగ్లీషు క్రియ కింద తొక్కేసింది నేనే. ఇక ‘బిడ్డా’ అన్న పిలుపును అనువాదంలో ఎప్పుడు తీసేశానో కూడా నాకు గుర్తు లేదు. అది ఉంటే, ఆ మాట ఒక పరిశోధకురాలికి ఇచ్చిన సమాధానంలా కాక, ఇంటికి వచ్చిన పిల్లతో చెప్పుకున్న బాధలా వినబడుతుంది.

ఆ నెల రోజుల్లో పత్రంలోని ఫలితాల భాగాన్ని ఆ నాలుగు క్రియల చుట్టూ పూర్తిగా తిరగరాశాం. ప్రతి ముఖ్యమైన మాటనూ ముందు తెలుగు లిపిలో, దాని కింద వీలైనంత దగ్గరి ఇంగ్లీషులో ఇచ్చాం. దాంతో నిడివి పెరిగింది. పత్రం 12,000 మాటలు దాటితే సమీక్షకు వెళ్ళకుండానే వెనక్కి రావచ్చు. అందుకని ఒక సాయంత్రం కూర్చొని, ఇప్పటికే చెప్పిన విషయాన్నే మళ్ళీ చెబుతున్నట్టు తోచిన మాటలను ఒక్కొక్కటే తీసేశాను.

జనవరిలో సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు పత్రం అంగీకరించినట్టు తెలిసింది. ఆ ఏడు ఐదు వేలకు పైగా పత్రాలు వస్తే, వాటిలో సుమారు నాలుగో వంతు నిలిచాయి.

తుది ప్రతి తయారీలో ఇంకో పరీక్ష ఎదురైంది. పరిశోధకులు పత్రాలను కూర్చడానికి ఎక్కువగా వాడే లేటెక్ అనే సాఫ్ట్‌వేరులోని మామూలు ఇంజను తెలుగు అక్షరాలను కూర్చలేదు. యూనికోడు ఫాంట్లను నేరుగా తీసుకునే మరో ఇంజనుకు మారినా, మేము ఫాంటుకు లిపి ఏదో చెప్పడం మరచినందువల్ల మొదటి ప్రతిలో వత్తులన్నీ విడిపోయాయి. “మిషను నన్‌ను ఒప్‌పుకుంటలేదు బిడ్‌డా” అని వచ్చింది. తెలుగు రానివాళ్ళకు అది ఏ తేడా లేని గీతల వరుస, నాకు మాత్రం ఆ అవ్వ మాట నత్తిగా వినబడింది. వాక్యాలను బొమ్మలుగా అతికిస్తే పని త్వరగా అయిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు. బొమ్మగా పెడితే కంటికి సరిగానే కనిపిస్తుంది గాని, చూపు లేనివాళ్ళకు తెరమీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అక్కడ అక్షరాలే ఉండవు. ప్రతి చిత్రానికీ మాటల్లో వివరణ రాయమని అడిగే సదస్సుకు, మనుషుల మాటలనే బొమ్మగా మార్చి పంపడం మా మేడమ్‌కూ నాకూ మనసొప్పలేదు. మూడు రోజులు పట్టినా వత్తులు కుదురుగా కూర్చున్న అక్షరాలతోనే పంపాం.

ప్రయాణపు ఖర్చుకు సదస్సు వెనక ఉన్న ‘సిగ్‌కై’ సంఘం ఇచ్చే గ్యారీ మార్స్‌డెన్ ప్రయాణ సహాయం అక్కరకు వచ్చింది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్యుడి పేరు మీద ఇచ్చే సహాయం అది. వీసాకు సదస్సు ఇచ్చిన ఉత్తరంతో పాటు, ఏ రోజు ఎక్కడ ఉంటామో రోజువారీ పట్టిక కూడా జతచేయాలి. ఈ రెండు పనులూ అంగీకారం వచ్చిన వెంటనే మొదలుపెట్టాను కాబట్టి ఇబ్బంది లేకుండా పూర్తయ్యాయి.

సదస్సు సముద్రపు ఒడ్డున మినాతో మిరాయ్ ప్రాంతంలోని పాసిఫికో యోకొహామాలో జరిగింది. 2021లోనే ఇక్కడ జరగవలసినది కోవిడ్ వల్ల ఆన్‌లైనుకు మారిందట. ఒకేసారి ఎన్నో గదుల్లో పత్రాలు నడుస్తుంటాయి. నా వంతుకు దొరికింది పది నిమిషాలకు కాస్త అటూ ఇటూ. అందులో రెండు నిమిషాలు ఆ ఒక్క వాక్యానికే ఇచ్చాను. ప్రశ్నల సమయంలో ఒకాయన, రేషను డీలరు మాటలు మీ పత్రంలో ఎందుకు లేవని అడిగారు. ఆ దుకాణంలో యంత్రం తరఫున మాట్లాడవలసి వచ్చేది ఆయనేననీ, ఆయన వాడే క్రియలు వేరుగా ఉండవచ్చనీ, మేము ఆ పని చేయలేదనీ ఒప్పుకున్నాను. ఆ తరువాత వెనక వరుసలో ఒకావిడ లేచి, ఆ వాక్యాన్ని తెలుగులో ఒకసారి వినిపించమని కోరారు. రికార్డింగు వినిపించడానికి అవ్వ నుంచి సమ్మతి తీసుకోలేదు కాబట్టి నేనే చెప్పాను. రెండున్నరేళ్ళుగా చదువుతున్న వాక్యమే అయినా, ‘బిడ్డా’ దగ్గరికి వచ్చేసరికి గొంతు కొంచెం పట్టుకుంది.

బయటికి వచ్చాక తెలుగు తెలిసిన ఒక పరిశోధక విద్యార్థి నన్ను కలిశాడు. అతనికి చూపు లేదు. పత్రాన్ని ముందురోజే స్క్రీన్ రీడర్‌తో విన్నాననీ, ఇంగ్లీషు మధ్యలో ఉన్నట్టుండి తెలుగు మాట వినబడేసరికి ఆపి, వెనక్కి వెళ్ళి మళ్ళీ విన్నాననీ చెప్పాడు. వత్తుల కోసం పోయిన మూడు రోజుల సంగతి అతనికి చెప్పాను.

జూనులో ఆ ఊరు వెళ్ళాను. పత్రంలో ఆ వాక్యం ఉన్న పేజీని ముద్రించి తీసుకువెళ్ళాను. అవ్వకు చదువు రాదు. ఎనిమిదో తరగతి చదువుతున్న మనుమరాలు పేజీ పట్టుకొని, ఇంగ్లీషు వరుసలు దాటుకుంటూ వచ్చి, తెలుగు వాక్యం దగ్గర ఆగి పైకి చదివింది. అవ్వ మళ్ళీ చదవమంది. రెండోసారి విని, తల ఊపి, “గది నేనన్న మాటే” అంది. కాసేపటికి కత్తెర తీసుకోబోతూ ఆగి అడిగింది: “ఇంకోటి గూడ అన్న గద బిడ్డా, బీడీలకు పనికొచ్చిన వేళ్ళు బియ్యానికి పనికి రావా అని. అది రాయలేదా?”

హాస్టలుకు తిరిగివచ్చి ట్రాన్‌స్క్రిప్టు తెరిచి చూశాను. ఆ మాట నాలుగో పేజీలో ఉంది. నిడివి తగ్గించిన సాయంత్రం దాని పక్కన ‘పునరుక్తి’ అని నేనే రాసి కొట్టేశాను.