పసరు, పునుగులు, నా లివరు

నాకు మందు అలవాటు లేదు. పునుగుల అలవాటు ఉంది. బెజవాడలో పుట్టినవాడికి ఇదేం నేరం కాదనుకున్నాను గానీ, కడుపులో కుడివైపు బరువుగా ఉందని స్కాన్ తీయించుకుంటే గ్రేడ్ టూ ఫ్యాటీ లివర్, అంటే లివర్‌కి కొవ్వు పట్టిందని రాసిచ్చారు. రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ, అంటే లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము, 94. ఓ 40 దాకా ఉంటే మామూలట. లివర్ డాక్టరు గారు ఒక్క మాత్ర కూడా రాయలేదు. "6 కిలోలు తగ్గి, మూడు నెలల తర్వాత కనపడండి" అన్నారు.

"మందు రాయని డాక్టరేంట్రా?" అని మర్నాడు పొద్దున్నే అమ్మ డాబా ఎక్కింది. వాన పడితే చాలు, కరివేపాకు కుండీలో నేల ఉసిరి మొలుస్తుంది. ఇన్నాళ్ళూ నేను కలుపని పీకి పారేసింది దాన్నే. అమ్మ ఒక రెమ్మ తెంపి తిరగేసింది. పైనుంచి చూస్తే చింతాకు. కిందవైపు మాత్రం ఆవగింజలంత పచ్చటి కాయలు, రెమ్మ పొడుగునా పూసలు గుచ్చినట్టు. పక్కనే ఎర్రకాడతో అలాంటిదే ఇంకోటి ఉంటే "అది కాదు" అంది. దాని కాయ గరుకుగా, తొడిమ లేకుండా రెమ్మకే అతుక్కుని ఉంది. వాళ్ళ ఊళ్ళో కామెర్లొస్తే ఇదే పసరట. వేళ్ళతో సహా కడిగి, నూరి, కుంకుడుకాయంత ముద్ద మజ్జిగలో కలిపి పరగడుపునే ఇచ్చేవాళ్ళు. పైన చప్పిడి పత్యం. అమ్మ లెక్కలో లివర్ జబ్బంటే కామెర్లే.

వారం తాగాను. కాకరకాయ ఇష్టంగా తినేవాణ్ణి కాబట్టి చేదు లెక్కలోకి రాలేదు. అసలు తప్పు ఆ తర్వాత చేశాను. తెలిసినాయన ఒకరు పేరూ ఊరూ లేని పొట్లం చేతిలో పెట్టి "లివరంతా కడిగేస్తుంది" అన్నారు. కడిగింది లివర్‌ని కాదు. రెండు రోజులు మంచానికీ బాత్రూమ్‌కీ మధ్యే తిరిగాను. మా ఆవిడ ఆ పొట్లం బ్యాగులో వేసుకుని, "ఇందులో ఏముందో అడుగుదాం, పదండి" అంది.

అలా నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించాం. డాక్టరమ్మ పొట్లం వాసన చూసి పక్కన పడేశారు. నాడి చూశారు, నాలుక చూశారు, నా రిపోర్టులూ చదివారు. ఇంట్లో ఏమేం తాగుతున్నారని అడిగితే నేల ఉసిరి ఒక్కటే చెప్పాను. కరోనా నాటి నుంచీ రోజూ తాగే తిప్పతీగ కషాయం నా దృష్టిలో మందే కాదు. మా ఆవిడ చెప్పేసింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టారు. తిప్పతీగ వాడిన కొందరికి లివర్ దెబ్బతిందని 2021లో ముంబై వైద్యులు రాశారట. అది అసలు తిప్పతీగ కాకుండా దాన్ని పోలిన వేరే జాతి అయ్యుండొచ్చని ఆయుష్ శాఖ అందట. "ఆ తగువు మనకెందుకండీ, మీ లివర్ అంకెలు ఇప్పటికే పెరిగున్నాయి, మానేయండి" అన్నారు.

నేల ఉసిరి సంగతీ తేల్చేశారు. 1988లో మద్రాసు వైద్యులు హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకిచ్చి చూస్తే 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు పోయిందట. తర్వాత వేరేచోట్ల చేస్తే ఆ ఫలితం రాలేదు. "పైగా మీది వైరస్ కాదు, కొవ్వు." ఫోన్లో చూసిన ఆరోగ్యవర్ధిని మాత్రల గురించి అడిగితే, అందులో సగం కటుకరోహిణి అనే చేదు మూలికే అయినా శుద్ధి చేసిన పాదరసం, రాగి భస్మం కూడా ఉంటాయని, సొంతంగా కొనుక్కునే మాత్ర కాదని గట్టిగానే చెప్పారు. చివరికి చిటికెడు కటుకరోహిణి చూర్ణం, రాత్రిపూట త్రిఫల, రోజూ నడక. ఆ చీటీ లివర్ డాక్టరుకు చూపించాకే మొదలుపెట్టమన్నారు.

చూపించాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు గానీ, మూడు నెలలు ఆగకుండా నెలకే రక్తపరీక్ష చేయించమన్నారు.

వన్‌టౌన్‌లో మూలికల కొట్టాయన కటుకరోహిణి దుంప తీసి చూపించాడు. ఎండిన వానపాముల్లా ముడతలు పడి నల్లగా ఉంది. హిమాలయాల్లో ఎక్కడో మూడు వేల మీటర్ల పైన దొరుకుతుంది కాబట్టి ధరా ఆ ఎత్తులోనే ఉంది. దీని చేదు నాలుక మీద కాదు, గొంతులో మొదలవుతుంది. ఆ తర్వాత తాగిన కాఫీ కూడా కషాయమే.

ఎస్‌జీపీటీ నెలకు 71. మూడు నెలలకు 46. ఈలోగా నేను 7 కిలోలు తగ్గాను, కాబట్టి ఎవరి వాటా ఎంతో తేలలేదు. అమ్మ మాత్రం నేల ఉసిరే అంటుంది, నేను తాగింది వారమే అయినా. మా ఆవిడ పునుగులు మానడం వల్లేనంటుంది. డాక్టరమ్మ రిపోర్టు చూసి "ఎంత దూరం నడుస్తున్నారు?" అని మాత్రం అడిగారు.

ఇప్పుడు కుండీల్లో కలుపు తీసేటప్పుడు ప్రతి మొక్కా తిరగేసి చూస్తున్నాను. ఎర్రకాడవి పీకేస్తున్నాను. రెండోవి ఉంచుతున్నాను, అమ్మ చూస్తుంటుంది కాబట్టి.