పదో యూనిట్‌ను తేలిగ్గా తీసుకుని నెట్ పోగొట్టుకున్న సంగతి

మొన్న రాత్రి నెట్ (కాలేజీ, యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పడానికి అర్హత పరీక్ష) రిజల్ట్ వచ్చింది. జేఆర్‌ఎఫ్, అంటే రీసెర్చ్ చేసుకోవడానికి ఇచ్చే ఫెలోషిప్, కొట్టాను. అమ్మకు ఫోన్ చేస్తే "అయితే ఉద్యోగం వచ్చినట్టేనా?" అంది. అది వేరు, ఇది వేరు అని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. "అన్నా, పేపర్-1 (అందరికీ ఉమ్మడిగా ఉండే పేపర్) ఎలా చదివావు?" అని తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతుంటే రాస్తున్నాను.

నా పేపర్-2, అంటే సబ్జెక్టు పేపర్, పొలిటికల్ సైన్స్. పీజీ నోట్సు, పాత పేపర్లు, అంతే. చెప్పాల్సింది మూడో అటెంప్ట్ గురించి. కటాఫ్‌కి నాలుగు మార్కులు తగ్గాయి, అంటే రెండు ప్రశ్నలు. ఆన్సర్ కీ చూసుకుంటే పేపర్-1 పదో యూనిట్, హయ్యర్ ఎడ్యుకేషన్‌లోనే మూడు తప్పులు. ఏడేళ్లు హాస్టల్ మెస్‌లో తిన్నవాణ్ణి, యూనివర్సిటీ గురించి నాకెవడు చెప్పాలి అని ఆ యూనిట్ తెరవనేలేదు. సెంట్రల్ యూనివర్సిటీకి విజిటర్ ఎవరంటే గవర్నర్ అని పెట్టొచ్చాను! మన ఉస్మానియా, కాకతీయలకు గవర్నరే కదా ఛాన్సలర్ అని బుర్రలో నాటుకుపోయింది. విజిటర్ రాష్ట్రపతి.

ఆ ఉక్రోషంతో గైడ్లు పక్కనపెట్టి చట్టాలే చదివాను. హైదరాబాద్ యూనివర్సిటీనే తీసుకోండి. 1973లో ఆరు సూత్రాల పథకం (తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత కుదిరిన రాజీ), దాని వెనకే 32వ రాజ్యాంగ సవరణతో ఇక్కడ సెంట్రల్ యూనివర్సిటీకి వీలిచ్చే ఆర్టికల్ 371-ఇ, 1974లో పార్లమెంటు చట్టం. అందులో మన గవర్నర్‌ది చీఫ్ రెక్టార్ పదవి, ఛాన్సలర్ వేరే. ఈ వరస తెలిశాక ఆ ప్రశ్న మళ్లీ తప్పే అవకాశమే లేదు.

అసలు మలుపు మాత్రం ఉస్మానియా కేసులు. 1966లో రాష్ట్ర ప్రభుత్వం ఉస్మానియా చట్టం సవరించి వీసీ (వైస్ ఛాన్సలర్) పదవీకాలం ఐదేళ్ల నుంచి మూడేళ్లకు దించింది. అది చాలదన్నట్టు, అప్పటి వీసీ డి.ఎస్. రెడ్డి ఒక్కరికే తగిలేలా 13-ఎ అనే సెక్షన్ పెట్టి, విచారణ లేకుండా ఆయన్ను పంపే దారి చేసింది. 1967లో సుప్రీంకోర్టు ఆర్టికల్ 14 (చట్టం ముందు సమానత్వం) కింద ఆ సెక్షన్‌ను కొట్టేసింది. మళ్లీ 1986లో ఉన్నత విద్యా కమిషనరేట్ చట్టం తెస్తే, ప్రమాణాలు నిర్ణయించడం కేంద్ర జాబితా 66వ అంశం, రాష్ట్రం పరిధి కాదని 1987లో సుప్రీంకోర్టు అదీ కొట్టేసింది. కేసు వేసింది ఉస్మానియా టీచర్ల సంఘం. చదువుతూ నవ్వొచ్చింది. మెస్ బిల్లు మీద మేం వీసీ గది ముందు రెండు రోజులు కూర్చున్నాం. ఫైలేమో ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌కి (యూనివర్సిటీ పాలకమండలికి) పోవాలట, అది మాకు అప్పుడు తెలీదు.

ఇంకొకటి. యూజీసీయే (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) యూనివర్సిటీని పుట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. పార్లమెంటో అసెంబ్లీయో చట్టం చేస్తేనే అది పుడుతుంది. సొంత ముద్ర, సొంత ఆస్తి ఉంటాయి, తన పేరు మీదే కోర్టుకెక్కుతుంది. డీమ్డ్ యూనివర్సిటీకి (యూనివర్సిటీతో సమానంగా చూసే సంస్థకి) మాత్రం యూజీసీ సలహాపై కేంద్రం యూజీసీ చట్టం సెక్షన్ 3 కింద ఆ హోదా ఇస్తుంది. డిగ్రీ ఎవరివ్వొచ్చో అదే చట్టం సెక్షన్ 22 చూడండి.

లాజికల్ రీజనింగ్, డీఐ (డేటా ఇంటర్‌ప్రిటేషన్) రోజూ గంట చేశాను, వాటి గురించి మీకు తెలిసిందే. టైమ్‌టేబుల్ అడక్కండి, నాకెప్పుడూ లేదు. ఫోన్‌లో రెండు వందల పీడీఎఫ్‌లు దాచుకుని ఒక్కటీ తెరవనివాళ్లు నాకు బాగా తెలుసు, నేనూ వాళ్లలో ఒకణ్ణే. చిన్నాన్న కూతురి పెళ్లికి పోలేదని ఇంట్లో ఇప్పటికీ సాధిస్తున్నారు. పోయుంటే ఏమయ్యేదో నాకు తెలుసు, రెండ్రోజులు పెళ్లి, వారం బద్ధకం. నేను చేసింది తప్పనుకోను. చెల్లి అనుకుంటోంది, అది వేరే సంగతి.

యూజీసీ చట్టం, మన రాష్ట్ర 1991 యూనివర్సిటీల చట్టం, నా పెన్సిల్ గీతలతో సహా జిరాక్సులు రూమ్మేట్ దగ్గరున్నాయి. వాడికి డిసెంబర్‌లో పరీక్ష. అయ్యాక ఎవరికి కావాలన్నా ఇస్తాడు.