మాత్రకూ మాత్రకూ మధ్య

ఉదయం 5 గంటలకు ఫోనులో అలారం మోగేసరికే వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. నిన్న మధ్యాహ్నం పినాకిని రైల్లో నెల్లూరు నుంచి వచ్చిన అమ్మ, నాకంటే ముందే లేచి ఫిల్టరులో డికాక్షన్ వేస్తోంది. పరగడుపున థైరాయిడ్ మాత్ర మింగాక కనీసం గంటసేపు కాఫీ ముట్టకూడదని ఆమెతో చెప్పడానికి నాకు మొహమాటం వేసింది. చెన్నై పశ్చిమ మాంబళంలోని ఈ రెండు గదుల ఇంట్లో పొద్దున్నే నాకోసం ఒకరు కాఫీ కలిపి ఎన్నాళ్ళయిందో! చివరికి చెప్పాను. ఆమె ఏమీ అనకుండా గ్లాసు మీద మూత పెట్టి, గడియారం వైపు చూస్తూ కూర్చుంది. చల్లారిన కాఫీని మళ్ళీ వేడి చేయడం ఆమె దృష్టిలో మహాపరాధం కనుక, 6 దాటాక కొత్తగా మరొకటి కలిపింది.

నాకు గ్యాస్ట్రిక్ బైపాస్ జరిగి 14 నెలలయింది. బైపాస్ అనగానే ఊళ్ళో అందరూ గుండెకేననుకుని అమ్మను పరామర్శించి వెళ్ళారట. బరువు తగ్గడానికని చెప్పడం కంటే అదే మర్యాదగా ఉందని ఆమె కూడా సరిదిద్దలేదట.

ఇడ్లీ తిన్నాక నేను మల్టీవిటమిన్ డబ్బా తీస్తుంటే, "సన్నబడ్డావు గదమ్మా, ఇంకా ఇన్ని బిళ్ళలెందుకు?" అని అడిగింది. షుగరు మాత్రలు నాలుగో నెలలోనే ఆగిపోయాయి కాబట్టి మిగిలినవి కూడా ఒక్కొక్కటిగా ఆగిపోతాయని ఆమె ఆశ. ఆగవని చెప్పడానికి కాగితం మీద బొమ్మ గీయవలసి వచ్చింది. కడుపు పైభాగంలో ఉగ్గుగిన్నెడంత, అంటే సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే సంచిని మాత్రం వేరు చేసి, దానిని చిన్నపేగులో కొంత కిందిభాగానికి కలుపుతారు. తిన్న అన్నమైనా, మింగిన మాత్రయినా ఇక మిగిలిన కడుపునూ, చిన్నపేగు మొదటి భాగాన్నీ తాకకుండానే ముందుకు సాగిపోతుంది. ఇనుము ముఖ్యంగా ఒంటబట్టేది ఆ దాటిపోయిన చోటనే. బి12 ఒంటబట్టడానికి కావలసిన ఒక పదార్థం కడుపు గోడలలో తయారవుతుంది, ఆ కడుపుతో ఆహారానికి ఇప్పుడు సంబంధం లేదు, అందుకే నెలకొక ఇంజెక్షను. కాల్షియం కూడా మామూలు కార్బొనేట్ రకమైతే కరగడానికి ఆమ్లం కావాలి, ఆ చిన్న సంచిలో ఆమ్లం అంతంతమాత్రమే కనుక నాకు సిట్రేట్ రకం రాశారు. బొమ్మ చూసి అమ్మ, "అంటే దారి మార్చారన్నమాట," అంది. అంతకంటే బాగా నాకు మా డాక్టరు కూడా చెప్పలేదు.

దారి మారిందని నాకే ఆలస్యంగా అర్థమయింది. మొదటి నెలల్లో, మర్చిపోకుండా ఉంటానన్న తెలివితో, రాత్రి భోజనమయ్యాక ఇనుము మాత్రనూ కాల్షియం మాత్రనూ కలిపి మింగేసేదాన్ని. ఆరో నెల రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. మాంబళం స్టేషను వంతెన మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చేది, దువ్వెన నిండా జుట్టు రాలేది. మాత్రలు మానలేదే అని నేను వాదిస్తుంటే, ఎప్పుడు వేసుకుంటున్నావని మాత్రమే డాక్టరు అడిగారు. కాల్షియం ఇనుమును సరిగా ఒంటబట్టనివ్వదు, రెండింటికీ కనీసం 2 గంటల ఎడం ఉండాలి. ఆ రెండింటిలో ఏదీ థైరాయిడ్ మాత్రకు 4 గంటల లోపు రాకూడదు. పైగా కాల్షియం ఒక్కసారి 500 మిల్లీగ్రాములకు మించితే అంత బాగా ఒంటబట్టదు కనుక రోజుకు మూడు విడతలు. ఆ రోజు నుంచి నా దినచర్యను నడిపిస్తున్నవి మాత్రలు కావు, వాటి మధ్య ఎడాలు.

అందుకే ఈ రోజు 11:30కి నేను నిమ్మరసం నీళ్ళతో ఇనుము మాత్ర వేసుకోబోతుండగా, ఎండకు చలవ చేస్తుందని అమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి పెడితే, దానిని తాగలేకపోయాను. పాలలోనూ పెరుగులోనూ ఉన్నది ఆ కాల్షియమే. పొద్దున కాఫీ, ఇప్పుడు మజ్జిగ; ఇంటికి వచ్చిన అమ్మ చేతి నుంచి రెండుసార్లు గ్లాసు వెనక్కి పంపాను. మూడోసారి పంపినది మాత్రం గ్లాసు కాదు.

నిన్న సెంట్రల్ స్టేషనులో ఆమె సంచీ అందుకోబోయి కాలు మడత పడింది. ఈ రోజు మధ్యాహ్నానికి మోకాలు వాచింది. నేను కుంటుతూ నడవడం చూసి అమ్మ తన చేతిసంచీలోంచి ఒక రేకు తీసింది. తన మోకాళ్ళ నొప్పులకు రెండేళ్ళుగా వాడుతున్నదట. రేకు వెనక తిప్పి చదివితే ఎసిక్లోఫెనాక్. ఆ జాతి నొప్పి మాత్రలు, అంటే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి, నేను జన్మలో వాడకూడదు. సంచీకీ పేగుకూ అతుకు వేసిన చోట పుండు పడి రక్తం కారవచ్చు. "గ్యాస్ బిళ్ళతో కలిపి వేసుకో, ఏమీ కాదు," అని అమ్మ అభయమిచ్చింది. సాయంత్రం పారాసిటమాల్ కొనడానికి వెళితే మందుల షాపు అబ్బాయి కూడా అదే రేకు తీసి, "ఒణ్ణుం ఆగాదు మేడం," అని అదే అభయమిచ్చాడు. నొప్పికి ఏం కావాలో మన దేశంలో అందరికీ తెలుసు, పేషెంటు పేగు ఎటు తిరిగిందో తప్ప. 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రలు పది కొనుక్కుని, ఐసు ముక్కలు గుడ్డలో కట్టుకుని కూర్చున్నాను. అమ్మ తన రేకు మీద రాసిన పేరును చాలాసేపు చూసింది. రెండేళ్ళుగా ఎవరినీ అడగకుండా వాడుతున్నానని తనంతట తానే ఒప్పుకుంది. నెల్లూరు వెళ్ళాక మూత్రపిండాల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోమని చెప్పాను, ఊఁ అంది.

రాత్రి 9:30కి మూడో కాల్షియం నమిలాను. రేపు టీఎస్‌హెచ్ పరీక్ష ఉంది; బరువు తగ్గాక థైరాయిడ్ మోతాదు కూడా తగ్గించవలసి రావచ్చునట. రక్తం ఇచ్చేదాకా 5 గంటల మాత్ర వేసుకోకూడదు, ల్యాబు తెరిచేది 7 గంటలకు. అంటే రేపు కాఫీ 8 దాటాకే. ఈ మాట అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆమె ఇప్పుడే ఫిల్టరు కడిగి, పొడి వేసి, మూత బిగించి పడుకుంది.