చిరాకుకి ఇంగ్లీషులో మాట

నిన్న ఆఫీసులో జరిగింది రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. పక్క సీటాయన ఏ కాల్‌లో ఉన్నా చేతిలో పెన్ను ఉంటుంది. బొటనవేలితో దాని నెత్తిన నొక్కుతాడు, వదులుతాడు. టిక్, టక్. గబగబా నాలుగు నొక్కులు, తర్వాత కాసేపు ఏమీ ఉండదు. హమ్మయ్య అనుకునేసరికి మళ్ళీ టిక్. అచ్చం చిన్నప్పుడు వేమన పద్యంలో చదువుకున్న చెవిలో జోరీగ. మూడు వారాలు ఓర్చుకుని, నిన్న మధ్యాహ్నం పట్టలేక "ఐ యామ్ యాంగ్రీ విత్ యూ" అనేశాను. ఆయన తెల్లబోయాడు. రెండు మూడుసార్లు సారీ చెప్పి, సాయంత్రం దాకా నా వైపు చూడలేదు.

నా మనసులో ఉన్నది అంత పెద్ద కోపం కాదు. తెలుగువాడైతే "బాబూ, ఆ చప్పుడు ఆపుదూ, ప్రాణం విసిగిపోతోంది" అనేదాన్ని. అక్కడితో అయిపోయేది. మనకి విసుగు ఉంది, చిరాకు ఉంది, చిర్రెత్తుకురావడం ఉంది, ఒళ్ళు మండటం ఉంది, అరికాలి మంట నెత్తికెక్కడం ఉంది. ఏది ఎంత ఘాటో ఎవరూ నేర్పకుండానే తెలుసు. ఇంగ్లీషులో మాత్రం నా దగ్గరున్నది 'యాంగ్రీ' ఒక్కటే. డల్లాస్‌కి వచ్చి పదకొండేళ్ళు. అయితే ఆ మాట, లేకపోతే మౌనం. ఇలాగే నెట్టుకొచ్చాను.

ఇవాళ పొద్దున కాఫీ దగ్గర మా టీమ్‌లో పెద్దావిడతో చెప్పుకున్నాను. ఆవిడ పుట్టి పెరిగింది టెక్సాస్‌లోనే. నా మాట మొత్తం విని, 'గెట్టింగ్ ఆన్ మై నెర్వ్స్' అంటే సరిపోయేదమ్మా అంది. మన నరాలు టెన్షన్‌కి తెగుతాయి, వాళ్ళకి చిరాకు వచ్చి నరాల మీద కూర్చుంటుంది. ఇంకాస్త ఘాటు కావాలంటే 'డ్రైవింగ్ మీ అప్ ద వాల్', గోడ ఎక్కించేస్తున్నావని. మనిషి తీరే నచ్చకపోతే 'రబ్స్ మీ ద రాంగ్ వే'. దీన్ని ఆవిడ చేత్తో చూపించింది. పిల్లిని తల నుంచి తోక వైపు నిమిరితే ఒదిగి కూర్చుంటుంది, అదే చెయ్యి ఎదురు తిప్పితే బొచ్చంతా లేచి నిలబడుతుంది. స్వెటర్ మోచేతి మీద అలా ఎదురు నిమిరి చూపిస్తుంటే నా ఒళ్ళు కూడా జలదరించింది.

'గాట్ మై గోట్' అని కూడా ఉందట, నా మేకను పట్టుకుపోయాడని, అంటే నాకు చిర్రెత్తించాడని. పందెపు గుర్రాలకి తోడుగా మేకను కట్టేవారని, పోటీవాళ్ళు దాన్ని ఎత్తుకుపోతే గుర్రం చిందులు తొక్కేదని ఒక కథ చెప్పింది. దానికి రుజువు మాత్రం లేదని తనే అంది. 'లాస్ట్ స్ట్రా' నాకు ముందే తెలుసు. మోయగలిగినంతా మోసిన ఒంటె చివరి గడ్డిపోచకి నడుం విరుగుతుంది. 17వ శతాబ్దంలో ఇదే మాట గుర్రం మీదా, చివరి ఈక మీదా ఉండేది.

అన్నిటికంటే నాకు పనికొచ్చింది 'పెట్ పీవ్'. 'పీవిష్' అంటే చిరచిరలాడే మనిషి. అందులోంచి 'పీవ్'ని విడదీసుకున్నారు, 20వ శతాబ్దం మొదట్లో. పెంపుడు కుక్కలా మనం సాకుతున్న చిరాకు అన్నమాట. ఆ మాటతో తప్పు ఎదుటివాడి మీద పడదు, నా స్వభావమే అంత అని చెప్పుకున్నట్టు ఉంటుంది. మనకీ ఉంది కదా ఇలాంటిది! 'నాకు పడదు.' చన్నీళ్ళు పడవు, దుమ్ము పడదు. అందులో నీళ్ళ తప్పేముంది?

పదకొండింటికి ఆయన దగ్గరికి వెళ్ళాను. నిన్న పెద్ద మాట అన్నాను, నా ఉద్దేశం అది కాదు, పెన్ను చప్పుడు నా పెట్ పీవ్ అని చెప్పాను. ఆయన భుజాలు దిగిపోవడం కళ్ళారా చూశాను. వంటగదిలో అలమర తలుపులు తీసి వదిలేసేవాళ్ళంటే తనకీ అంతేనట. మధ్యాహ్నం చూస్తే ఆయన చేతిలో పెన్సిల్ ఉంది.

సాయంత్రం లండన్ నుంచి మా తోడికోడలు ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. అక్కడ 'టిక్ ఆఫ్' చేశారంటే చీవాట్లు పెట్టారని, ఇక్కడ 'టిక్డ్ ఆఫ్' అంటే ఒళ్ళు మండి ఉన్నానని. "జాగ్రత్త అక్కా, ఊరు మారితే మాటా మారుతుంది" అంది.

మా అమ్మాయికి ఇప్పుడు పన్నెండేళ్ళు. పోయిన నెల "యూ ఆర్ గెట్టింగ్ ఆన్ మై నెర్వ్స్" అందని ఎంత కేకలేశానో. అమ్మని పట్టుకుని అంత మాటా అని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. అది అన్నది "అబ్బా అమ్మా, విసిగించకు" అని మాత్రమే. ఆ మాటే నేను మా అమ్మతో రోజుకి పదిసార్లు అనేదాన్ని. రాత్రి అన్నం తింటున్నప్పుడు దానికి ఆ సంగతి చెప్పి, 'పడదు' అనే మాట ఎలా వాడాలో కూడా చెప్పాను. ఊఁ అంటూ విన్నది.

పడుకునే ముందు గుమ్మంలో నిలబడి హోంవర్క్ అయిందా అని మూడోసారి అడిగాను. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "అమ్మా, మళ్ళీ మళ్ళీ అడగడం నాకు పడదు" అంది.

లైటు తగ్గించి వచ్చేశాను. నాలుగోసారి అడగలేదు.