కళ్లార్పమని అడిగే కెమెరా

బ్యాంకు ఖాతా తెరవాలన్నా, సిమ్ కార్డు తీసుకోవాలన్నా కెమెరా ముందు కళ్లార్పి సజీవంగా ఉన్నట్లు నిరూపించుకోవాలన్న ఈ-కేవైసీ (ఆన్‌లైన్‌లో వినియోగదారు గుర్తింపు నిర్ధారణ) పద్ధతి, యాసిడ్ దాడిలో కళ్లు, రెప్పలు దెబ్బతిన్నవారినీ చూపులేనివారినీ గడప బయటే నిలబెట్టింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఈ అన్యాయాన్ని గుర్తించి, డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని ప్రకటిస్తూ 20 ఆదేశాలు జారీ చేసింది. అంతకుముందే, 2024 నవంబరులో, వికలాంగులకు అందుబాటు ప్రమాణాలు ఉత్త సూచనలుగా మిగలరాదని, కొన్నైనా తప్పనిసరి నిబంధనలు కావాలని అదే న్యాయస్థానం తేల్చింది.

ఈ తీర్పులు నాకెంతో ధైర్యాన్నిచ్చాయి. అయితే తెలుగులో మరో అడ్డంకి ఉంది, దాని గురించి మనం చాలినంతగా మాట్లాడటం లేదు. యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లూ గుర్తించే ఒకే సంకేతం ఇచ్చే ప్రమాణం) కాని పాత ఫాంట్లలో కూర్చిన పత్రాన్ని ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్ (చూపులేనివారికి తెరపై అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) అర్థంలేని అక్షరాల గుంపుగా వినిపిస్తుంది. స్కాన్ చేసి బొమ్మగా పెట్టిన ఉత్తర్వును నేరుగా చదవడం దానికి సాధ్యమే కాదు. విధాన ముసాయిదాపై ప్రజాభిప్రాయం కోరే ప్రభుత్వం, గడువు మొదలయ్యే రోజుకే దాని యూనికోడ్ తెలుగు ప్రతిని అందరికీ అందించాలి.